వానలు మొదలయ్యాక తాబేలు పిల్లను పెరట్లో వదలొచ్చా?

ప్రశ్న: మాది కాజీపేట. ఎనిమిది నెలల కింద మా మరిది హైదరాబాద్ నుంచి మా బాబు కోసం ఒక చిన్న తాబేలును తెచ్చాడు. సల్కాటా అనే రకం అని చెప్పాడు, షాపు బిల్లు కూడా ఉంది. ఇప్పటికీ నాలుగు అంగుళాలు లేదు. ఇన్నాళ్లూ హాల్లో చేపల తొట్టిలో ఉంచి, పైన మామూలు బల్బు పెట్టాం. మృగశిర దాటాక రెండు మంచి వానలు పడ్డాయి, ఎండ మెత్తబడింది. 20 డిగ్రీలు దాటితే తాబేలును పగలంతా బయటే ఉంచాలని ఒక వీడియోలో చూశాను. మాకు ఇంటి వెనక కొంచెం మట్టి పెరడు, ఒక జామచెట్టు ఉన్నాయి. డాబా కూడా ఉంది కానీ కోతులొస్తాయి. మా అత్తమ్మ మాత్రం "తాబేలుకు ఇంత టెన్షన్ ఎందుకు, బావిలో వేస్తే అదే బతుకుతది" అంటోంది. నేను పొద్దున ఆఫీసుకు పోయేటప్పుడు పెరట్లో వదిలి, సాయంత్రం వచ్చాక లోపలికి తెచ్చుకోవచ్చా? — ఒక తల్లి, కాజీపేట

జవాబు: ముందు మీ అత్తమ్మ గారి మాట సంగతి చూద్దాం. ఆమె ఊరికే అనలేదు. పాత ఊళ్లలో నీళ్లు శుభ్రంగా ఉంటాయని చేదబావుల్లో తాబేళ్లను వేసేవాళ్లు. అవి బతికేవి కూడా. కానీ అవి నీటి తాబేళ్లు. మన భాషలో రెండింటికీ ఒకటే పేరు కావడంతో వచ్చిన చిక్కు ఇది. మీ ఇంట్లో ఉన్నది నేల తాబేలు. దాని కాళ్లు చూడండి, వేళ్ల మధ్య చర్మం ఉండదు, ఏనుగు కాలు మాదిరి గుండ్రంగా, మొద్దుగా ఉంటాయి. దానికి ఈత రాదు. బావిలో వేస్తే రాయిలా మునుగుతుంది. పెంచలేక, పాపం అని వడ్డేపల్లి చెరువులోనో భద్రకాళి చెరువులోనో వదిలి దండం పెట్టి వచ్చేవాళ్లు కూడా చేసేది అదే పని. వాళ్ల ఉద్దేశం మంచిదే, తాబేలు మాత్రం బతకదు.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. బిల్లు మీద సల్కాటా అని ఉన్నంత మాత్రాన అది సల్కాటా అయిపోదు. చిప్ప ఇసుక రంగులో ఉండి, ఒక్కో పలక అంచున గోధుమ రంగు గీత ఉంటే అది సల్కాటానే. అలా కాకుండా నల్లటి చిప్ప మీద ఒక్కో బుడిపె నుంచి పసుపు గీతలు చుక్క వెలుగులా నలువైపులా విచ్చుకుని ఉంటే అది నక్షత్ర తాబేలు. అది మన దేశపు జంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. బిల్లు ఉన్నా, ప్రేమగా పెంచుతున్నా ఇంట్లో ఉంచుకోవడం నేరమే. మీది అదే అయితే ఈ జవాబులో మిగతాదేమీ మీకు పనికిరాదు. అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేసి అప్పగించేయండి. మీ అంతట మీరు తీసుకెళ్లి పాకాల అడవిలోనో ఏటూరునాగారంలోనో వదలొద్దు.

సల్కాటానే అయినా కాగితం పని ఒకటి మిగిలే ఉంది. ఇది ఆఫ్రికా జంతువు, అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉన్నది. 2022లో వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ, 2024లో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి వాటిని పెంచేవాళ్లు కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. మీ మరిది గారికి ఆ పని అప్పజెప్పండి, తెచ్చింది ఆయనే కదా.

ఇక ఆ వీడియో. అందులో చెప్పినాయన అబద్ధం చెప్పలేదు. ఆయన ఉండే దేశంలో ఎండాకాలం మధ్యాహ్నం 22, 24 డిగ్రీలు ఉంటుంది. అది మనకు డిసెంబరు పొద్దుట స్వెట్టర్ వేసుకుని టీ తాగే వేళ. అక్కడ తాబేళ్లు పెంచేవాళ్ల బాధంతా వేడి చాలదనే. దొరికిన నాలుగు ఎండ రోజుల్లో దాన్ని ఎంతసేపు బయట ఉంచితే అంత మేలు. మన బాధ దానికి తలకిందులు. వరంగల్‌లో ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలు. రామగుండం, మంచిర్యాల వైపు 45 దాటిన రోజులూ ఉంటాయి. వాళ్లు ఎండ కోసం వెతుక్కుంటే మనం నీడ కోసం వెతుక్కోవాలి. వాళ్ల సలహా మన పెరట్లో నాటితే మొలవదు.

మనకూ చల్లటి ఎండ ఉండే రోజులు ఉన్నాయి. చలి శివశివా అనుకుంటూ వెళ్లిపోయే శివరాత్రికి ముందు కొన్ని వారాలు, మళ్లీ మృగశిర తర్వాత నేల తడిసి మబ్బు పట్టిన రోజులు. మీరు సరైన సమయంలోనే అడిగారు. కానీ ఈ రెండోది మోసకారి కాలం. పొద్దున మబ్బుగా ఉంటుంది, 30 డిగ్రీలు కూడా ఉండదు. పదకొండింటికి మబ్బు విడుతుంది. వాన తడి ఆవిరై ఉక్కపోత మొదలవుతుంది. రెండు వానల మధ్య నాలుగు రోజులు గ్యాప్ వస్తే మధ్యాహ్నం 36, 37కు పోతుంది. మీరు అప్పటికి ఆఫీసులో ఉంటారు. పొద్దున మీరు చూసిన ఎండ వేరు, మధ్యాహ్నం తాబేలు మీద పడే ఎండ వేరు. అందుకే పొద్దున వదిలి సాయంత్రం తెచ్చుకోవచ్చా అన్న మీ ప్రశ్నకు ఇప్పటికైతే నా జవాబు వద్దనే. రోజూ గంటా రెండు గంటలు, ఇంట్లో ఒకరు ఉండగా అయితే తప్పకుండా బయట పెట్టండి. దానికి ఎండ చాలా అవసరం.

ఎంత అవసరమో చెప్పే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. పశువైద్యంలోకి వచ్చిన కొత్తలో ఒకాయన మెత్తబడ్డ చిప్పతో ఉన్న తాబేలు పిల్లను తెచ్చాడు. పసిపిల్లల తల్లులకు చెప్పినట్టే "రోజూ కాసేపు ఎండ చూపించండి" అని పంపించాను. ఎలా చూపించాలో చెప్పలేదు, ఆయనా అడగలేదు. మూడోరోజు మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. చేతిలో బట్టలు నానబెట్టే నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు. దాన్ని డాబా మీద పెట్టి, తాబేలును అందులో వేసి, స్నానానికి వెళ్లాడట. అరగంట, ముప్పావుగంట కన్నా ఎక్కువ కాలేదన్నాడు. పిల్ల ముందరి కాళ్లు చాచి పడి ఉంది, నోటి చుట్టూ తెల్లటి నురగ, మెడంతా తడి. టబ్బు అడుగు తాకితే నా వేలు చురుక్కుమంది. ఆ రోజు గొప్ప ఎండేమీ కాదు, మా క్లినిక్ వరండాలో ఫ్యాన్ కూడా వేసుకోలేదు. పిల్ల సాయంత్రానికి పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ గుర్తుంటుంది.

ఆ టబ్బులో లేనిది ఒక్కటే, నీడకు దారి. తాబేలుకు మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడిని అదుపు చేసే ఏర్పాటు లేదు. వేడి కావాలంటే ఎండలోకి నడుస్తుంది, చాలనుకుంటే నీడలోకి నడుస్తుంది. దానికి ఉన్న ఫ్యానూ హీటరూ రెండూ ఆ నడకే. నడిచే చోటు లేకుండా పెడితే బతికుండగానే పెనం మీద పెట్టినట్టు. పైగా పిల్ల. గుండిగలో నీళ్లు కాగడానికి అరగంట పడితే టీ గిన్నెలో రెండు నిమిషాలు చాలదూ? నాలుగు అంగుళాల ఒళ్లు అలాగే ఇట్టే కాగుతుంది, ఇట్టే ఎండిపోతుంది. పదేళ్ల సల్కాటా తట్టుకునే ఎండను ఇంత చిన్న పిల్ల తట్టుకోలేదు.

"ఇది ఎడారి జంతువు కదా సార్" అని చాలామంది అంటారు. సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉండే ఎండు గడ్డినేలలు దీని ఊరు, నిజమే. కానీ అక్కడ ఇది మధ్యాహ్నం ఎండలో తిరగదు. లోతైన బొరియ తవ్వుకుని అందులో పడుకుంటుంది. బొరియ లోపల చల్లగా, చెమ్మగా ఉంటుంది. పిల్లలైతే రోజులో ఎక్కువ భాగం అలాంటి చెమ్మ చోట్లలోనే నక్కి ఉంటాయి. ఎండుగా ఉన్న చోట పెరిగిన పిల్లకు చిప్ప మీద పలకలు గుట్టల్లా పైకి లేస్తాయి. ఒకసారి లేచాక మళ్లీ దిగవు. కాబట్టి మీరు పెరట్లో కట్టాల్సింది ఎడారి కాదు, బొరియ. అందుకు మన వానాకాలపు గాలి బాగానే కలిసొస్తుంది.

ఇప్పుడు మీ చేపల తొట్టి, బల్బు. మామూలు బల్బు వేడి ఇస్తుందే గానీ ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలను ఇవ్వదు. ఆ కిరణాలు లేకపోతే ఒంట్లో డి విటమిన్ తయారు కాదు, అది లేకపోతే తిన్న కాల్షియం చిప్పకూ ఎముకకూ అందదు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండా పనిచేయదు, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. ఎనిమిది నెలలు హాల్లోనే ఉంది కాబట్టి ముందు చిప్ప చూడండి. బొటనవేలితో మెల్లగా నొక్కితే గోరు గట్టిదనంతో ఉండాలి. స్పాంజిలా లోపలికి దిగితే, లేదా నడిచేటప్పుడు పొట్ట ఎత్తలేక ఈడ్చుకుంటూ పోతుంటే పెరటి సంగతి తర్వాత, ముందు డాక్టర్ దగ్గరకు. మీకు దగ్గర్లోనే మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. చేపల తొట్టిని మాత్రం ఎప్పుడూ ఎండలో పెట్టొద్దు. నీలం టబ్బు కన్నా అది ప్రమాదం, నాలుగు గోడలూ గాజే.

డాబా ఆలోచన మానేయండి. కోతులు లేకపోయినా వద్దనే చెప్పేవాణ్ని, స్లాబు కాలుతుంది. కోతులుంటే ఇక చెప్పక్కర్లేదు. కోతి తాబేలును తినదు కానీ చేతిలోకి తీసుకుంటుంది, కాసేపు తిప్పి చూస్తుంది, విసుగొస్తే పిట్టగోడ మీంచి వదిలేస్తుంది.

జామచెట్టు ఉన్న పెరడే సరైన చోటు. కానీ జామచెట్టును నమ్ముకోవద్దు. పొద్దున తొమ్మిదింటికి నీడలో ఉన్న చోటు ఒంటిగంటకు ఎండలో ఉంటుంది. రేపు ఆదివారం ఒక పని చేయండి. పొద్దున తొమ్మిదికి నీడ అంచు ఎక్కడుందో అక్కడ ఒక పుల్ల గుచ్చండి. పన్నెండుకు ఒకటి, మూడింటికి ఒకటి. మీ బాబు చేత చేయించండి, స్కూల్లో సెలవులకు ఇచ్చే పని కన్నా ఇష్టంగా చేస్తాడు. మూడు పుల్లలూ చూస్తే నీడ ఎంత దూరం జరుగుతుందో మీకే తెలుస్తుంది. ఎప్పుడూ నీడ ఉండే ముక్క ఒకటి దొరికితే అదృష్టం. దొరక్కపోతే ఆవరణలో సగం మీద తాటాకులో, పాత గోనె సంచులో కప్పాలి. గ్రీన్ నెట్ ఒక్క పొర చాలదు, వేడి దిగుతూనే ఉంటుంది. రెండు పొరలు వేసి, మధ్య జానెడు గాలి వదలండి.

ఆవరణకు నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఇప్పటికి సరిపోతుంది. గోడకు షాబాద్ బండ ముక్కలు మేలు. నిలువుగా పాతండి, అర అడుగు మట్టిలోకి, అడుగున్నర పైకి. పాతకపోతే అడుగున తవ్వుకుని అవతలికి పోతుంది, తవ్వడమే దాని వృత్తి. గోడగా జాలి వద్దు. అవతల కనిపిస్తే అటు పోదామని రోజంతా జాలికి ముక్కు రాస్తూ అక్కడక్కడే తిరుగుతుంది, లేదంటే ఎక్కబోయి వెల్లకిలా పడుతుంది. వెల్లకిలా పడి లేవలేకపోవడం చిన్న విషయం అనుకోవద్దు. ఎండలో అలా పడితే నిమిషాల లెక్కే. అందుకే లోపల మెట్లు, ఎత్తు రాళ్లు, అందంగా ఉంటాయని గులకరాళ్ల గుట్టలు వద్దు. నేల చదునుగా, మట్టిగా, అక్కడక్కడా గరికతో ఉంటే చాలు.

పైన మూత తప్పనిసరి. ఇక్కడ జాలి వాడండి, కానీ కోళ్ల గూటికి వాడే పెద్ద కన్నుల జాలి కాదు, అర అంగుళం కన్ను ఉన్న వెల్డెడ్ జాలి. కాకి రెండు పోట్లతో కన్ను పీకేస్తుంది. గద్దకు ఈ సైజు పిల్ల ఒక ముద్ద. పందికొక్కులు, ముంగిసలు, పిల్లులు సరేసరి. కుక్కకు తాబేలు చిప్ప బొక్క ముక్కలా కనిపిస్తుంది, కొరుక్కుంటూ కూర్చుంటుంది. మీ కుక్క ఎంత మంచిదైనా ఆ విషయంలో నమ్మొద్దు. మూత మీద ఇటుక పెడితే కోతి తీసేస్తుంది, గొళ్లెం పెట్టండి. ఎర్రచీమలను కూడా లెక్కలోకి తీసుకోండి. తినగా మిగిలిన ఆకు, పండు ముక్క సాయంత్రం తీసేస్తే చీమలు రావు. చీమల చాక్‌పీసు మాత్రం ఆ చుట్టుపక్కల గీయొద్దు.

బొరియ సంగతి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో పగిలిన రంజన్, అంటే తాగే నీళ్లు చల్లబడే మట్టికుండ, ఉంటుంది, ఎండాకాలం అయిపోయాక మూలన పడేసేది. దాన్ని పక్కకు పడుకోబెట్టి సగం దాకా మట్టిలో పాతండి. పగిలిన అంచులు చేతికి గీసుకోకుండా రాయితో నూరండి. మూతి పడమటికి పెట్టొద్దు, సాయంత్రపు ఎండ నేరుగా లోపలికి కొడుతుంది. లోపల నాలుగు వేళ్ల మందం తడి మట్టి వేసి, రంజన్ వీపు మీద తడిపిన గోనె పట్టా కప్పండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చెంబెడు నీళ్లు చల్లితే చాలు. రంజన్‌లో నీళ్లు ఎలా చల్లబడతాయో మనకు తెలుసు కదా, మట్టి గోడ తడిని పీల్చి ఆవిరి చేస్తుంది. అదే పద్ధతిలో లోపలి గాలీ చల్లబడుతుంది. మిట్టమధ్యాహ్నం లోపల చెయ్యి పెట్టి చూడండి. హాయిగా అనిపిస్తే తాబేలుకూ హాయే. ఉక్కగా అనిపిస్తే నీడ చాలలేదు.

వేడి కొలవాలంటే ఫోన్‌లో చూపించే ఊరి ఉష్ణోగ్రత పనికిరాదు. తాబేలు బతికేది నేలకు రెండంగుళాల ఎత్తులో. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టి చూసిన లాంటి గన్, కాకపోతే జ్వరానిది కాకుండా వస్తువుల వేడి చూసేది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాన్ని నేలకు పెట్టి చూడండి. ఎండ కాచుకునే చోట 35 దాకా, నీడలో 28, 30 ఉంటే బాగున్నట్టు. నీడలో కూడా 36 చూపిస్తుంటే ఆ పూటకు లోపలికి తెచ్చేయండి. గన్ లేకపోతే మీ అరచేయి. నేల మీద పది లెక్కపెట్టేంతసేపు ఆనించి ఉంచలేకపోతే తాబేలు పొట్టకూ అంతే.

నీళ్లకు మట్టి మూకుడు ఒకటి నేలకు సమంగా పాతి పెట్టండి. నీళ్ల లోతు దాని గడ్డం దాటకూడదు. అది కాక వారానికి నాలుగైదు రోజులు గోరువెచ్చని నీళ్లలో, అదే లోతులో, పావుగంట కూర్చోబెట్టండి. తాగేది ఎక్కువగా అప్పుడే, మూత్రం పోసేదీ అప్పుడే. మూత్రంతో పాటు తెల్లటి పదార్థం వస్తుంది, భయపడొద్దు. అది పలుచటి పెరుగులా ఉంటే మంచిదే. ఇసుకలా గరగరలాడితే నీళ్లు చాలడం లేదని అర్థం. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది తాబేలు ఏం తింటోందో చెబుతారు గానీ ఇది గమనించరు.

తిండి గురించి మీరు అడగలేదు, అయినా బయట వదిలితే దొరికింది తింటుంది కాబట్టి రెండు మాటలు. ఇది గడ్డి మేసే జంతువు, చిన్న ఆవు అనుకోండి. వినాయకుడికి పెట్టే గరిక దీనికీ ఇష్టం. మందార ఆకు, పువ్వు, మల్బరీ ఆకు, ముళ్లు తీసిన నాగజెముడు మట్ట పెట్టొచ్చు. పాలకూర రోజూ వద్దు, టమాటా, అరటి, మామిడి అలవాటు చేయొద్దు. అన్నం, రొట్టె, పాలు అసలే వద్దు. కాల్షియంకు పక్షుల షాపులో కటిల్ బోన్ దొరుకుతుంది, ఒక ముక్క లోపల పడేస్తే అదే కొరుక్కుంటుంది. ఒకాయన కాల్షియమే కదా అని పాన్ సున్నం ఆకుకు రాసి పెట్టాడు, నోరంతా పుండైంది. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు పెరట్లో ఉంటే వాటి ఆకులు రాలే దూరంలో ఆవరణ కట్టొద్దు. గడ్డి కోసం చేను గట్లకు మాత్రం పోకండి. మన దగ్గర పత్తి చేలకు మందు కొట్టని వారం ఉండదు. గట్ల మీద గడ్డి మందు సరేసరి.

వాన గురించి. చిన్న తుంపర దానికి సంతోషం, మెడ చాచి నిలబడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. పెద్ద వాన వేరు. 2023 జులై చివరి వానలు మీకు గుర్తుండే ఉంటాయి, మనుషుల ఇళ్లలోకే నీళ్లొచ్చాయి. అంత కాకపోయినా అరగంట గట్టి వానకు నాలుగు వైపులా బండలు పాతిన ఆవరణ తొట్టిలా నిండుతుంది. కింది వైపు బండల మధ్య రెండు వేళ్ల సందు వదిలి, దానికి జాలి ముక్క అడ్డం పెట్టండి. ఆకాశం నల్లబడితే లోపలికి తెచ్చేయండి. వేడితో తడి ఉంటే మంచిది, చలితో తడి కలిస్తే జబ్బు. ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ఈల లాంటి శబ్దం కనిపిస్తే ఆగొద్దు, డాక్టర్‌కు చూపించండి. రాత్రి ఎలాగూ ఇంట్లోకే. చలికాలం కూడా అంతే. సల్కాటా శీతాకాలమంతా నిద్రపోయే రకం కాదు, డిసెంబరు చలిలో బయట ఉంటే జబ్బు పడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో పొద్దున ఎనిమిదిలోపు అరగంట చాలు.

ఎప్పుడైనా పొరపాటు జరిగి నోట నురగ, కాళ్లు చాచడం కనిపిస్తే వెంటనే నీడలోకి తెచ్చి, మామూలు కుండీ నీళ్లలో గడ్డం దాకా ఉంచండి. ఫ్రిజ్ నీళ్లు, ఐసు వద్దు. నోట్లో నీళ్లు పోయొద్దు. కాస్త కదిలినా బాగైపోయిందని వదిలేయకుండా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

మీ బాబు దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, తాబేళ్ల మీద సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి ఉంటుంది. నానబెట్టిన నీళ్లు వంటింటి సింకులో పారబోయొద్దు. ఇంకో మాట మీ ఇంట్లో వాళ్ల చెవిన వేయండి, ఈ పిల్ల పెరిగితే నలభై, యాభై కిలోలు, అంటే ఒక బియ్యం బస్తా. డెబ్బై ఏళ్లు కూడా బతకగలదు. ఆ షాబాద్ బండలు అప్పటికి దాని ముందు అట్టముక్కలు. బాబు డిగ్రీకి వచ్చేలోపు మీరు ఈ పెరడు గురించి మళ్లీ ఆలోచించాలి.

కావలి ఎవరంటారా, మీ అత్తమ్మ గారే. జామచెట్టు కింద ఆమెకు కుర్చీ వేయండి. పొద్దున ఎనిమిది నుంచి పది దాకా ఆమె చిక్కుడుకాయలు తుంచుకుంటూనో, ఫోన్ మాట్లాడుకుంటూనో కూర్చుంటే అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. బావి మాట అన్నవాళ్లే నాలుగు రోజులకు దానికి గరిక ఏరి పెడతారు, ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

మొదటి రోజు అరగంట చాలు. దాన్ని ఎండకూ నీడకూ మధ్య గీత మీద పెట్టి, మీరు రెండు గజాలు వెనక్కి జరిగి ఎటు నడుస్తుందో చూడండి. కొత్త చోటు కాబట్టి పది నిమిషాలు తల కూడా బయట పెట్టకపోవచ్చు. తర్వాత నేరుగా రంజన్‌లోకి దూరి మళ్లీ రాకపోతే చెయ్యి పెట్టి లాగొద్దు. ఆ రోజుకు దాని ఎండ అయిపోయింది. లోపలికి తెచ్చేసి, మర్నాడు అదే వేళకు మళ్లీ అక్కడే పెట్టండి.